సొరంగంలో తేటనీళ్లు

నీటిపిల్లి అని పేరుపడ్డ ఆ గజఈతగాడు ఇరవై ఆరేళ్లు వీపున గాలి సిలిండరు కట్టుకుని జలాశయం కింది సొరంగాల్లో దిగి పనిచేశాడు. లోపల మోచెయ్యి దాటి ఏమీ కనపడేది కాదు. గోడల పగుళ్లను వేళ్లతో తడిమి, పైకొచ్చి కాగితం మీద గీసి చూపేవాడు. కర్ణభేరికి చిల్లుపడ్డాక డాక్టరు ఇక నీళ్ల జోలికే వెళ్లొద్దన్నాడు.

అదే పనికి, తనంతట తాను ఈదే గుమ్మడికాయంత యంత్రాన్ని ఆయన మేనకోడలు తయారుచేస్తోంది. అది తిరిగినప్పుడల్లా దాని పంకాలు అడుగు బురదను లేపి కెమెరా కళ్లు కప్పేస్తున్నాయి. ఎనిమిది నెలలుగా ఇదే తలనొప్పి.

"మామయ్యా, ఆ ఇరుకులో నువ్వెలా తిరిగేవాడివి?" అని అడిగింది ఒకరోజు.

ఆయన భోజనాల బల్లమీద బోర్లా పడుకున్నాడు. "కాళ్లు ఆడించకూడదే అమ్మడూ. ఊపిరి పీలిస్తే పైకి, వదిలితే కిందికి. తిరగాలంటే గోడకి ఒక్క వేలు ఆనిస్తే చాలు."

"ఈ వయసులో ఈ విన్యాసాలేంటండీ! దిగండి, బల్ల విరుగుతుంది," అని అత్తయ్య కేకలేసింది.

మేనకోడలు అడుగున ఉన్న పంకాలు తీసేసింది. పైకీ కిందికీ కదలడానికి, నూనె నింపితే ఉబ్బి, తీస్తే ముడుచుకునే రబ్బరు తిత్తి పెట్టింది. పక్కలకు నాలుగు బుల్లి పంకాలు మాత్రం ఉంచింది.

పరీక్ష రోజున యంత్రం సొరంగంలోకి వెళ్లింది. నలభై నిమిషాలు ఆయన గట్టుమీద కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అది పైకి తేలాక అందులోని వీడియోను తెరమీద వేశారు.

నీళ్లు అద్దంలా ఉన్నాయి.

"ఇది మన సొరంగమేనా?"

"అదే మామయ్యా. ఇది ఊపిరి వదలదుగా. నీ బుడగలే పైకప్పుకి తగిలి మడ్డిని రాల్చేవి."

ఆయన తెర దగ్గరికి జరిగాడు. ఉలిదెబ్బలతో చెక్కిన రాళ్లు వరుస తప్పకుండా వంపు తిరిగి, చేతులకు ఏనాడూ అందనంత ఎత్తున కలుసుకున్నాయి. అంత పెద్ద మంటపంలోనా తాను ఇన్నేళ్లూ గుడ్డివాడిలా పాకింది! యంత్రం నిలబడ్డచోటే మెల్లగా తిరిగింది. గోడ సున్నంలో ఎవరిదో అరచేతి ముద్ర కనిపించింది, కట్టినవాళ్లలో ఎవరో తడిమీద నొక్కి ఉంటారు.

"ఇక్కడ ఐదు గుంటలున్నాయని ఏటా రాసిచ్చాను," అన్నాడు తెరమీద ఆ ముద్ర వేళ్లను ఒక్కొక్కటే తడుముతూ.

ఆమె వీడియో ఆపబోయింది.

"ఉండనీవే, ఇంకాసేపు చూడనీ."

మధ్యాహ్నం భోజనానికి పిలిచినా ఆయన కుర్చీలోంచి లేవలేదు.