బాపును నాయినమ్మ దగ్గరికి చేర్చిన ఫట్‌ఫటి

మా చిన్నప్పుడు... బెల్లంపల్లిలో మా క్వార్టర్ ముందు యాకూబ్ కాక తన ఫట్‌ఫటిని స్టాండు మీద నిలబెట్టి, సీట్లు రెండూ విప్పి నేల మీద పెట్టాడు. ఫట్‌ఫటి అంటే మోటరు సైకిలే... మేమంతా అలాగే అనేవాళ్ళం. అవ్వ... అంటే మా అమ్మ... చంటి తమ్ముణ్ణి ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. లోపల మంచం మీద వెల్లకిలా పడుకున్న బాపు, "అయితదా యాకూబ్ భాయ్?" అని అడుగుతున్నాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. బాపు బొగ్గుగనిలో పని చేసేవాడు. ఆ ఏడు వానాకాలంలో గని పైకప్పు నుంచి ఓ పెళ్ళ ఊడి ఆయన నడుము మీద పడింది. ప్రాణం దక్కింది. నెలల తరబడి దవాఖానలో ఉండి ఇంటికొచ్చాక, మెల్లగా నడిచేవాడు, కాసేపు కూర్చునేవాడు. కుదుపు మాత్రం తట్టుకోలేకపోయేవాడు. ఒకసారి ఎడ్లబండిలో అంగడికి బయలుదేరి, వీధి చివరి దాకా పోకముందే దిగిపోయాడు... ముఖంలో నెత్తురుచుక్క లేదు.

అప్పుడు ఊరి నుంచి కబురొచ్చింది. నాయినమ్మ అన్నం ముట్టడం లేదట. పెద్దకొడుకును చూడాలంటోందట. ఆమెకు గనిలో జరిగిన సంగతి ఎవరమూ చెప్పలేదు. సెలవు దొరకట్లేదని చెబుతూ వచ్చాం. ఆ ఊరికి రైలు లేదు, బస్సు లేదు. ఎడ్లబండ్లు నడిచే బాట ఒక్కటే.

యాకూబ్ కాక మా వెనక వీధిలో ఉండేవాడు. ఫట్‌ఫటి మీద ఊరూరా వారపు అంగళ్ళు తిరిగి బట్టలమ్మేవాడు. బాపుకు ఆయనంటే ప్రాణం. కబురు వినగానే, "నేను తీస్కపోత" అన్నాడు.

"ఎడ్లబండికే ఓర్వలే. గీ ఫట్‌ఫటి మీద ఎట్ల కూసుంటడు?" అంది అవ్వ.

ఆమె భయం అబద్ధం కాదు. అది చాలా పాత బండి. వెనక చక్రానికి స్ప్రింగులే లేవు. గుంతలో పడితే ఆ దెబ్బంతా వెనక కూర్చున్నవాళ్ళ నడుముకే. నడిపేవాడి సీటు కింద మాత్రం రెండు లావుపాటి స్ప్రింగులుండేవి. కాక వాటిని విప్పి వెనక సీటు కింద బిగించాడు. వెనక టైరులో కొంచెం గాలి తీశాడు. అవ్వ ఇచ్చిన బొంతను మడతపెట్టి సీటు మీద కట్టాడు. తన సీటు కింద చెక్కముక్కలు పెట్టుకున్నాడు.

"మరి నీకో?" అంది అవ్వ.

"నాకేం గాదు వదినె. నా నడుము మంచిగున్నది."

తెల్లారి బయలుదేరాం. తమ్ముడి కోసం అవ్వ ఆగిపోయింది. నాయినమ్మకు నన్ను చూపించాలని బాపు పట్టుబట్టడంతో, నన్ను ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టారు.

కాక ఎంత నెమ్మదిగా నడిపాడంటే... సైకిళ్ళ వాళ్ళు మమ్మల్ని దాటిపోయారు. ప్రతి గుంతకూ ముందే చెప్పేవాడు... "రాజన్నా, గుంత." బాపు కాక భుజాలు పట్టుకుని, కాళ్ళ మీద బరువేసి కొద్దిగా లేచేవాడు. నాకు ఆయన కనబడడు. ఊపిరి బిగపట్టడం, వదలడం... అదే వినబడేది.

ఒకచోట బాట మరీ పాడైపోయి ఉంది. కాక బాపును దింపి, చెయ్యి పట్టి నడిపించి, వెనక్కి వెళ్ళి బండిని నెట్టుకొచ్చాడు. చెమటకు బాపు అంగీ ఒంటికి అతుక్కుపోయింది.

"వాపస్ పోదమా రాజన్నా?"

"వద్దు భాయ్. మెత్తగనే ఉన్నది. పోనియ్యి."

ఊరి పొలిమేరలో బాపు బండి ఆపించాడు. దవాఖానలో ఇచ్చిన నడుంపట్టీ విప్పి నా చేతికిచ్చాడు. ముఖం తుడుచుకున్నాడు. "లచ్చూ, నాయినమ్మకు ఏం జెప్పకు బిడ్డా" అన్నాడు. వాకిట్లోకి నిటారుగా నడుచుకుంటూ వెళ్ళాడు...

మంచం మీదున్న నాయినమ్మకు చూపు మసక. గొంతు గుర్తుపట్టి, "వచ్చినవా కొడుకా... జర వంగు, మొఖం చూస్త" అని చేతులు చాపింది.

బాపు వంగలేడు.

మంచం కోడు పట్టుకుని, ఒక్కో మోకాలూ నేలకు ఆన్చి, వీపు వంచకుండానే ఆమె ముందు కూర్చున్నాడు. ఆమె చేతులు ముఖమంతా తడిమాయి. భుజాల మీదుగా వీపు మీదికి జారాయి. నడుం దగ్గర, అంగీ కింద ఎముక లోపలికి పోయిన చోట ఆగిపోయాయి.

ఆమె ఆ చోటును మెల్లగా నిమిరింది.

"ఎప్పుడైంది బిడ్డా?"

"అయింది తియ్యవ్వా. తగ్గింది."

"గీ నడుముతోని ఎట్లొచ్చినవు?"

బాపు కాకను దగ్గరికి పిలిచాడు. నాయినమ్మ కాక రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఆ పూట బాపు తాగిస్తే కాస్త అంబలి తాగింది... మర్నాడు ఆయన చేతి మీదే కన్నుమూసింది.

తలకొరివి పెట్టి వచ్చాక బాపు కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆ తిమ్మిరి ఇక వదల్లేదు. ఊరివాళ్ళు మంచం మీద మోసుకొచ్చి ఇంటికి చేర్చారు. తర్వాత ఆయన సొంతంగా నడిచింది లేదు.

కాక రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. ఒకనాడు ఆగలేకపోయాడు. "నేనే ఖరాబ్ జేసిన రాజన్నా. నేను తీస్కపోకుంటే నువ్వు నడుస్తుంటివి" అని ఏడ్చాడు.

బాపు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు తీస్కపోకుంటే మా అవ్వ నా తొవ్వ జూస్కుంటనే పోతుండె. గప్పుడు నేను నడిసి ఏడికి పోదును భాయ్?"

బాపు మరికొన్నేళ్ళే ఉన్నాడు. పాడె ముందు కొమ్ము కాకే పట్టాడు.

ఈమధ్య మా మనవడి బండి వెనక కూర్చుని ఆ ఊరికి వెళ్ళాను. తారు రోడ్డు... మెత్తటి సీటు... ఒక్క కుదుపు తెలిస్తే ఒట్టు. ఇట్టే చేరిపోయాం. దిగాక, ఏ ఇంటి ముందు నిలబడాలో మాత్రం తెలియలేదు... వచ్చినవా బిడ్డా అనేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

మీ ఇంట్లో ఎవరినైనా అలా కడసారి చూపుకు చేర్చిన మనిషి ఉంటే... ఆ పేరొకటి కింద రాయండి. నేను చదువుకుంటాను.