కొడుంపాపికి మా అత్త చీర

వాన వస్తుందో రాదో ఇప్పుడు మీ ఫోనే చెప్పేస్తుంది. నేను వయసులో ఉన్న రోజుల్లో అయితే, వాన రాకపోతే ఎవరిని తిట్టాలో ఊరే చెప్పేది. పూణే నుంచి మీరు వీడియోలో "అవ్వా, ఊరి సంగతి ఒకటి చెప్పవా" అంటే, ఇక్కడ మద్రాసు షోళింగనల్లూరు ఫ్లాటులో కూర్చుని నేనేదో భక్తికథ చెబుతానని మీ అమ్మ అనుకుంటుంది పాపం. భక్తి లేదు, ఏమీ లేదు నాన్నా. పట్టపగలు ఊరంతా చూస్తుండగా నేను మా అత్తను తగలబెట్టబోయిన కథ ఇది.

పెళ్లయిన కొత్త. మీ తాతకు మద్రాసు జార్జి టౌన్‌లో ఒక టోకు కొట్టులో గుమాస్తా పని. నన్నూ తీసుకుపోతానని ఆయన, "చూస్తాం లే" అని మా అత్త. ఆవిడ ఊఁ అంటే తప్ప నేను బస్సెక్కేది లేదు. అందుకని నోట్లో నాలుక లేనిదానిలా ప్రతిదానికీ తలాడిస్తూ తిరిగేదాన్ని (అవ్వ ఎంత మెత్తనిదో అంటారే, ఆ వేషం అప్పుడు మొదలుపెట్టిందే). ఆ ఏడు ఆడి నెల, అదే ఆషాఢం, దాటినా చినుకు లేదు. మా చిత్తూరు పక్క పల్లెల్లో వాన ఎగ్గొట్టిందంటే ఊళ్లో ఎవరో ఘోరపాపి ఉన్నట్టు లెక్క. నిజంగా వెతికితే ఊళ్లో ఒక్కరూ మిగలరు కాబట్టి, పెద్దలు తెలివిగా గడ్డిబొమ్మ చేసి, కొడుంపాపి అని పేరు పెట్టి, చీర చుట్టి వీధుల్లో ఈడ్పించేవారు. ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ దాని పాపాలు ఎంచి ఎంచి ఏడ్చాక, పొలిమేరలో తగలబెట్టేవారు. అది చూసి దేవుడు సిగ్గుపడి వాన కురిపించాలి.

"వదినా, పాత చీరొకటి తీసకరామ్మే!" అని మా ఆడబిడ్డ కేకేసింది. నేను పరుగున పోయి దండెం మీద వెలిసిపోయిన నశ్యం రంగు చీర లాక్కొచ్చాను. అది మా అత్త రోజూ పనికి కట్టే చీర. ఆవిడేమో మేకలకు ఆకు కోయడానికి పోయి ఉంది. గడ్డి కాస్త ఎక్కువ కూరారేమో, చీర చుట్టేసరికి బొమ్మ నడుముతో సహా అచ్చం మా అత్తే. ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు (దుఃఖం అనుకున్నాను).

"కొత్త కోడలే రాగం ఎత్తుకోవాల. పాపాలు జెప్పి ఏడువుమ్మే!" అంది పక్కింటి పెద్దమ్మ. ఊరికి కొత్తదాన్ని, నాకెవరి పాపాలు తెలుసు? తెలిసింది ఒక్క ఇల్లే.

"మజ్జిగలో చెంబుడు నీళ్లు పోస్తివే తల్లీ! ఉట్టిమీది వెన్న నువ్వు దిని పిల్లిమీద బెడితివే! కొడుకొస్తే కోడికూర, కోడలికి గొడ్డుకారమా తల్లీ!"

రాగం కుదిరింది, ఇక నోరు ఆగలేదు. ఒకటే నవ్వులు. తిన్నె మీద మా మామ వక్కాకు ఉమ్మేసి, "వానెందుకు పడలేదో ఇన్నాళ్లకు తెలిసెరా!" అన్నాడు. అంతలో వెనక నుంచి, "ఆపేస్తివేంది? ఇంకా ఉండాయి, ఎత్తుకో" అని ఒక గొంతు. నెత్తిన ఆకుమోపుతో మా అత్త. నా మద్రాసు బస్సు నా కళ్లముందే వెళ్లిపోయింది.

ఆవిడ బొమ్మను కిందా మీదా చూసి, "నా నడుము ఇంత లావామ్మే?" అని కూతుర్ని అడిగింది. ఆ తర్వాత సెలవుకొచ్చి ఉన్న మీ తాత వైపు తిరిగింది. "రేయ్, నీ పెండ్లాన్ని పట్నానికి తీసకపో. ఇంత నోరు బెట్టుకోని ఇన్నాళ్లూ మూసుకోనుండాదంటే, ఈడే ఉంటే నన్ను నిజంగానే తగలబెడ్తాది."

వాన పడిందా అంటారా? బొమ్మ సగం కాలేసరికి కాసిని చినుకులు రాలి మంట ఆర్పేసి పోయాయి. దేవుడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడేమో.

బస్సెక్కించడానికి అత్తే వచ్చింది. మూట అందిస్తూ నా చెవిలో, "నువ్వు జెప్పినవి ఊరందరికీ తెలిసినవే. అసలైనవి నీకు తెలీవు లే" అని కన్ను గీటింది. అవేమిటని అడిగేలోపు బస్సు కదిలింది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా నవ్వేదే గాని చెప్పలేదు, చెప్పకుండానే పోయింది. ఆ మూట ఒళ్లో పెట్టుకుని, గెలిచాననుకుంటూ కిటికీలోంచి నవ్విన పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పిచ్చిది, ఆవిడ దగ్గర ఇంకో ఏడాది ఉండి ఆ మిగతావి నేర్చుకుని ఉండాల్సింది.