జ్వరమని రాసిన సెలవు చీటీ

కొత్త అట్టపెట్టె విప్పితే అట్టలు అతికించిన గంజి వాసన వస్తుంది. మొన్న విజయవాడ బెంజ్ సర్కిల్‌లో మిక్సీ కొని, ఇంటికొచ్చి పెట్టె తెరిచానో లేదో, రత్నకుమారి గారు ఎదురుగా కూర్చున్నట్టే అనిపించి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఉయ్యూరు వెళ్ళే దారిలో ఉన్న మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో హాజరు, సెలవులు, బీమా కాగితాలు అన్నీ ఆవిడే చూసేవారు. ముక్కు మీద కోపం, బ్యాగులో ఎప్పుడూ పల్లీ ఉండలు.

ఆవిడ కూతురి పెళ్ళికి సెలవులో ఉన్నప్పుడు, కటింగ్ మెషీన్‌లో పడి నా కుడిచేతి చివరి రెండు వేళ్ళు పోయాయి. ఆ హడావిడిలో ఎవరూ ఎక్కడా ఏమీ రాయలేదు. ఆవిడ తిరిగి రాగానే కట్టుతో వెళ్ళి, ఎడమ చేత్తో కష్టపడి రాసిన సెలవు చీటీ ఇచ్చాను. బడిలో నేర్చుకున్న అలవాటు, ఏ సెలవుకైనా కారణం ఒక్కటే. జ్వరమని రాశాను. మెషీన్ సంగతి రాస్తే యజమానికి చెడ్డపేరొస్తుందని మొహమాటం కూడా.

ఆవిడ చదివి కళ్ళజోడు తీశారు. "వేళ్ళకొచ్చిందా జ్వరం?"

"అందరూ అలాగే రాస్తారు కదండీ..."

"ఇది లోపలికెళ్తే నీకు ఒంట్లో బాలేదనే అనుకుంటారు, పనిలో దెబ్బ తగిలిందని కాదు. రేపు డాక్టర్ల బోర్డు ముందు ఏం చెప్తావ్, జ్వరమొచ్చి వేళ్ళు రాలిపోయాయనా?"

నొప్పిలోనూ నవ్వొచ్చింది. ఆవిడ చీటీ చింపేసి, ప్రమాదాల రిజిస్టర్ తెరిచి, ఏ మెషీన్, ఏ షిఫ్టు, పక్కన ఎవరున్నారు, అన్నీ నాతో చెప్పించుకుని రాశారు. "సెలవుల్లో బీమా ఇచ్చేది వేరు, పోయిన వేళ్ళకు పరిహారం వేరు, వికలాంగుల చట్టం వేరు. ఒకటి అడిగావని ఇంకోటి పోదమ్మా. మొహమాటపడ్డావా, మూడూ పోతాయి" అన్నారు.

కొన్ని నెలలకు బోర్డు నా చేతికి వైకల్యం ఎంతో తేల్చింది, పరిహారం మంజూరైంది. డ్యూటీకి వెళ్తే మేనేజరు గారు మర్యాదగానే, "పరిహారం వచ్చిందిగా అమ్మా, ఇంక ఇంటి దగ్గర హాయిగా ఉండు" అన్నారు. చల్లపల్లిలో మా నాన్న మగ్గం ఆగిపోయి ఏళ్ళయింది, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

పక్క టేబుల్ దగ్గరున్న రత్నకుమారి గారు లేచి నిలబడ్డారు. "పరిహారం పోయిన రెండు వేళ్ళకండీ. ఉద్యోగం మిగిలిన ఎనిమిదింటికి. చెయ్యి ఇలా అయిందని మాన్పిస్తే అది ఇంకో చట్టం. ఆ పుస్తకం కూడా నా టేబుల్ మీదే ఉంది."

ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు మా ఫ్యాక్టరీలో లేరు. మర్నాటి నుంచి నాకు ఆవిడ పక్కనే, రిజిస్టర్ల దగ్గర పని. ఆ రోజు సంతోషంతో ఏడుస్తుంటే, ముందు పల్లీ ఉండ తినమని కసిరారు.

ఆవిడ రిటైరయ్యాక ఆ కుర్చీ నాదైంది. చట్టాలు ఆవిడకు నోటికొచ్చు, నేను పుస్తకం చూసి చెప్తాను. దెబ్బ తగిలి వచ్చినవాళ్ళు ఇప్పటికీ ముందుగా "తప్పు నాదేనండీ" అని తల దించుకుంటారు. కూర్చోమంటాను. "తప్పు సంగతి తర్వాత. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి, రాస్తాను" అని, కుడిచేతి మూడు వేళ్ళతో పెన్ను పట్టుకుంటాను. అది చూశాక వాళ్ళు నోరు విప్పుతారు.