కేశవులన్న బ్లాగు మళ్లీ ఇల్లు మారింది

మా కేశవులన్నకు ఒకటే జబ్బు. తన బ్లాగును ఒక సాఫ్ట్‌వేర్‌లో నిలవనివ్వడు. చొక్కా మార్చినట్టు మారుస్తాడందామంటే చొక్కాలు మార్చే అలవాటు ఆయనకు లేదు. పెళ్లినాటి గళ్ల చొక్కాతోనే ఇప్పటికీ డ్యూటీకి వస్తాడు. బ్లాగు మాత్రం ఉగాదికి ఒకచోట ఉంటే దసరాకు ఇంకోచోట ఉంటుంది.

కర్ణాటకలోని హట్టి బంగారు గనిలోకి మనుషుల్ని దింపి, మళ్లీ పైకి లాగే యంత్రం దగ్గర ఆయన పని. నాదీ అక్కడే. అక్కడ మీట మీద చెయ్యి వేశాడంటే పక్కన పిడుగు పడినా తల తిప్పడు. అంత నిలకడైన మనిషి ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోగానే కాలుగాలిన పిల్లి అవుతాడు.

"ఇప్పుడున్న దానికి ఏమొచ్చిందన్నా?" అని ఒకసారి అడిగాను.

"గాలి ఆడ్తలేదు రాఘవులూ."

"సాఫ్ట్‌వేర్‌ల గాలి ఏందన్నా?"

"పక్కన ఖాళీ జాగా చూడు, గింతే ఉంది. అక్షరాలకు ఉక్కపోస్తాంది."

ఇంకోసారి వెనక రంగు నచ్చలేదన్నాడు. మరోసారి ఏ సాకూ దొరక్క వాస్తు బాగలేదన్నాడు. నేను నెత్తి కొట్టుకున్నాను.

ఇంతా చేసి ఆ బ్లాగులో ఏముంటుందయ్యా అంటే, క్వార్టర్స్‌లో దూరిన పాము, లింగసూగూరు బస్సులో సీటు కోసం జరిగిన యుద్ధం, అత్తగారి మోకాళ్ల నొప్పి. చదివేవాళ్లందరినీ ఒక ఆటోలో ఎక్కించవచ్చు. డ్రైవర్‌ని కూడా ఆ లెక్కలోనే వేసుకోవాలి.

మారిన ప్రతిసారీ గృహప్రవేశమే. పంచాంగం చూసి ముహూర్తం పెడతాడు. కంప్యూటర్‌కు పసుపు, కుంకుమ. ఒకసారి ఆ కుంకుమ కీబోర్డు సందుల్లోకి పోయి సగం మీటలు మొండికేశాయి. చంద్రిక వదిన పాలు పొంగించాలి.

"ఇల్లు కొనలే, జాగా కొనలే. పాలు మాత్రం పొంగిస్తనే ఉన్న. ఏం కర్మ నాది!" అని వదిన సణుగుతూనే రవ్వతో కేసరిబాత్ కూడా చేస్తుంది.

సామాను దింపేటప్పుడు తేడాలు వస్తాయి కదా. ఒక మార్పులో ఫోటోలన్నీ ఒక్కో గడి కిందికి జరిగాయి. యంత్రం ఫోటో కింద ఉండాల్సిన "ఎంత మోత మోగినా ఇది పని ఆపదు" అన్న మాట పోయి అత్తగారి ఫోటో కింద కూర్చుంది. యరగేర నుంచి అత్తగారు ఫోన్ చేసింది. ఆమె పెట్టేసేసరికి కేశవులన్నకు డ్యూటీ టైమయింది.

ఇంకో చాదస్తం ఉంది. మా కంపెనీలో కొత్త క్వార్టర్ ఇచ్చారంటే పాతదాని తాళంచెవి ఆ రోజే అప్పగించాలి. ఈయన బ్లాగుకూ అదే పద్ధతి. కొత్తదాంట్లోకి రాతలు చేరాయని కనబడగానే పాతదాన్ని శుభ్రంగా తుడిచేస్తాడు.

"కొన్నాళ్లు ఉండనియ్యన్నా" అంటే, "ఒక్క మనిషి పేరు మీద రెండు క్వార్టర్లా? తప్పు గదా!" అంటాడు.

అన్నిటికన్నా చివరి తంతు తనిఖీ. అది అంజమ్మ పని.

అంజమ్మ వాళ్ల పక్క క్వార్టరే. భర్త ఎప్పుడో పోయాడు. క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ఒక్కడే కొడుకు, లోకేశ్. కేశవులన్నకు అసలు బ్లాగు కట్టిచ్చింది వాడే. రాసిందల్లా కేశవులన్న చదివి వినిపించేవాడు, వాడు విని కింద తన వ్యాఖ్య రాసేవాడు. కన్నడ మీడియంలో చదివినవాడు కాబట్టి మాట తెలుగు, అక్షరం కన్నడం. పాము కథ కింద, "మామా, నువ్వు తరిమితే పోలే అది. నీ కథ మొదలుపెడ్తవని పోయింది" అని రాశాడు. అంత కొంటె పిల్లవాడు.

ఒక వానాకాలం వాడికి జ్వరమొచ్చింది. రాయచూరు దాకా తీసుకుపోయాం. దక్కలేదు.

అటు తర్వాత అంజమ్మ పనికి పోయేది, వచ్చేది, తలుపేసుకునేది. చంద్రిక వదిన గిన్నెలో కూర తీసుకుపోతే "తిన్న వదినా" అనేది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగితే గదా తినడానికి! ఊరంతటికీ వండిపెట్టే మనిషి పస్తులతో చిక్కిపోతుంటే చూడలేకపోయాం. వచ్చి కూర్చోమంటే "పనుంది" అనేది. మాకందరికీ భయం పట్టుకుంది.

అప్పుడు కేశవులన్న బ్లాగు మొదటిసారి ఇల్లు మారింది. ఆ పూట వాళ్ల గడప ముందు నిలబడి, "అంజమ్మా, నాకు కన్నడం చదవరాదు గదా. మీవాని రాతలు సరిగ్గ దిగినయో లేదో నువ్వే చూసి చెప్పాలె" అన్నాడు.

పని కాబట్టి అంజమ్మ వచ్చింది. ఒక్క వాక్యం చదివి కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. రెండోసారి మారినప్పుడు సగం చదివింది. ఆ తర్వాత లోకేశ్ లాగే మూతి తిప్పుతూ చదవడం మొదలుపెట్టింది. మేము నవ్వేవాళ్లం. ఒకరోజు తనూ నవ్వింది. చదవడమయ్యాక ప్రతిసారీ అక్కడే కేసరిబాత్ తినేది.

నాకు మాత్రం కేశవులన్న మీద ఒళ్లు మండేది. జీవితమంతా కన్నడ నేల మీద ఉండి ఆ అక్షరాలు రావంటే ఏమనాలి? లింగసూగూరులో బస్సు బోర్డు కూడా నాతోనే చదివించేవాడు.

పోయిన నెల మళ్లీ మారాడు. పొద్దున ముహూర్తం, పాలు పొంగాయి, రాతలన్నీ చేరాయి. పాతదాన్ని తుడిచేశాడు. నేను కేసరిబాత్ తింటూ తెర వైపు చూశాను.

"అన్నా, లోకేశ్ రాసినవి ఏవి?"

పైకీ కిందికీ లాగి చూశాడు. కేశవులన్న రాతలే ఉన్నాయి. కింద అంతా తెల్లగా ఉంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో రాతలు వేరే మూట, వ్యాఖ్యలు వేరే మూటట. రెండో మూట ఈయన ఎత్తనేలేదు. పాతదేమో లేకుండా పోయింది.

కేశవులన్న మొహం తెల్లగా పాలిపోయింది. "పిల్లగాన్ని లోపలుంచి తాళం అప్పజెప్పి వచ్చిన రాఘవులూ" అని బావురుమన్నాడు. అంత పెద్దమనిషి ఏడుస్తుంటే నేను కేసరిబాత్ పక్కన పెట్టేశాను.

అంతలో చంద్రిక వదిన లోపలికి వచ్చింది. "అంజమ్మకు చెప్పొచ్చిన. తానం చేసి వస్తదంట."

కేశవులన్న కళ్లు తుడుచుకున్నాడు. కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. కన్నడ అక్షరాలు పెట్టి టపటపా కొట్టడం మొదలుపెట్టాడు. పాము కథ కిందిది, బస్సు యుద్ధం కిందిది, లోకేశ్ మాటలు ఒకదాని వెనక ఒకటి.

నేను నోరు తెరిచాను. "అన్నా! నీకు కన్నడం వస్తదా?"

"మెల్లగ మాట్లాడు."

"మరి బస్సు బోర్డు నాతోని ఎందుకు చదివిస్తివి?"

"ఒక దగ్గర అబద్ధమాడినంక అంతట ఆడాలె. నీ నోట్ల నువ్వుగింజ నానదు." టైపు చేస్తూనే చెప్పాడు. "రా, కూసో, తిను అంటే ఆమె రాదు. పనుందంటే వస్తది. అందుకే గీ మార్చుడంత. లేకుంటే మొదటిదానికి ఏం తక్కువైంది? మావాడు కట్టిచ్చింది అది."

ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్న తిట్లన్నీ నాకే తగిలాయి. ఇంకా కొన్ని రాతల కింద ఖాళీ ఉండగానే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

అంజమ్మ అద్దాలు పెట్టుకుని కూర్చుంది. మొదటిది చదివింది. అచ్చం లోకేశే. రెండోదానికి వచ్చేసరికి తెర మీద ఒకటుంటే ఆమె నోట ఇంకొకటి వచ్చింది. కేశవులన్నకు ఒక మాట సరిగ్గా గుర్తులేక ఏదో రాశాడు. ఆమె కొడుకు అన్న మాటే అనేసి, ఒక్క క్షణం ఆగి, కేశవులన్న వైపు చూసింది. ఎర్రబడిన ఆయన కళ్లను చూసింది.

ఆమె కిందికి లాగింది. అత్తగారి మోకాళ్ల కథ వచ్చింది. దాని కింద ఒక్క అక్షరం లేదు. అంజమ్మ ఆ తెల్లటి జాగా మీద వేలు పెట్టి, మూతి తిప్పి చదివింది.

"మామా, చంద్రికత్త గోధుమపిండి డబ్బల దాచిన మైసూర్‌పాక్ తినేది నువ్వేనని క్వార్టర్సంత తెలుసు. షుగరు మనిషివి, నోరు కట్టుకో."

ఆ మైసూర్‌పాక్ దొంగతనం జరిగింది అంతకుముందు ఆదివారమే.

"చూసినవా! పిల్లగానికి గూడ తెలుసు!" అంది చంద్రిక వదిన, కళ్లు ఒత్తుకుంటూ నవ్వుతూ.

కేశవులన్న ఆ ఖాళీ తెర దగ్గరికి వంగి చూశాడు. "వీనికి ఎవరు చెప్పిన్రు ఇది!" అన్నాడు. "సరే రా లోకేశూ, ఇంగ తినను."

అంజమ్మ అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడుచుకున్నది అద్దాలేనా అని నేను అడగలేదు.

"అన్నీ సరిగ్గనే దిగినయన్నా" అంది. "కానీ వాడు ఇంగా చానా చెప్పేటట్టున్నడు. మల్ల తొందరగ మార్చు."