పెద్దమ్మ కారు, ఘాట్ రోడ్డు డ్యూటీ

పోస్టింగ్ నరసరావుపేట. మే నెల. ఉదయం ఆరున్నరకి రిపోర్ట్ చేశాను. అప్పటికే రేకుల షెడ్డు లోపల చొక్కా వీపుకి అంటుకుపోయింది. సామాను ఒక టూల్ కిట్, రెండు బ్రష్షులు, సైకిలు పంపు, నీళ్ల క్యాను. ఎదురుగా గుడ్డ కప్పిన నల్ల కారు. ఆరేళ్లుగా కదల్లేదు.

సైన్యంలో ఇరవై రెండేళ్లు బండ్లు బాగుచేసి హవల్దారుగా ఇంటికొచ్చాను. పెళ్లిళ్లలో కూర్చుంటే లద్దాఖ్ చలి గురించి చెప్పమంటారు. రాజస్థాన్ ఇసుక గురించి చెప్పమంటారు. నేను మాత్రం ఈ డ్యూటీ గురించే చెబుతాను. అక్కడ శత్రువు ఎటు ఉన్నాడో తెలిసేది. ఇక్కడ ముక్కు కింద ఉన్నా తెలియలేదు.

ఆర్డరు మా అమ్మది. "రాజ్యం పెద్దమ్మ కారు కదలట్లేదంట. పోయి చూడు." ఫోన్ పెట్టేసింది. అంత చిన్న ఆర్డరు మా కర్నలు కూడా ఎప్పుడూ ఇవ్వలేదు.

రాజ్యం పెద్దమ్మ మా అమ్మకి చిన్నప్పటి స్నేహితురాలు. డెబ్భై దాటాయి. పెళ్లైన కొత్తలో పెదనాన్న ఆ కారు కొని ఆమెకి నేర్పించాడు. బజారుకి, సత్తెనపల్లికి, పొలానికి ఆమే తోలుకెళ్లేది. కానీ కోటప్పకొండ కిందికి వచ్చేసరికి పెదనాన్న బండి ఆపించి తాళం తీసుకునేవాడు. ఘాట్ రోడ్డు ఆడవాళ్లు తోలేది కాదనేవాడు. ఆమె పక్క సీట్లోకి మారేది. పెదనాన్న పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆమె కంట్లో నీటికాసులు, చూపు తగ్గుతోంది. ఆదివారం గుంటూరులో ఆపరేషను. ఆ తర్వాత స్టీరింగ్ ముట్టొద్దని డాక్టరు ఖరాకండిగా చెప్పేశాడు.

"ఈలోపల ఒక్కసారి కొండ పైదాకా నేను తోలాల," అంది పెద్దమ్మ, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ. "పట్టపగలే పోదాం. నువ్వు పక్కన కూకో, హ్యాండు బ్రేకు మీద చెయ్యేసుకో. బండి మాత్రం నేనే తోలతా. ఏమంటావు?"

"జీ మేడమ్," అన్నాను. ఆమె నవ్వింది. నాకున్నది శనివారం దాకా.

సప్లై విభాగానికి మస్తాన్ దొరికాడు. పిడుగురాళ్ల క్వారీ లారీల మెకానిక్. వయసులో నాకంటే చిన్న, ఒంట్లో నాకంటే రెట్టింపు. లారీ ఇంజన్ల పక్కన బతికి బతికి చెవులు కాస్త మందం. నేను సైన్యం మనిషినని తెలిసిన గంట నుంచి ఫోన్లో ప్రతి మాటకీ చివర 'ఓవర్' తగిలించడం మొదలుపెట్టాడు. పక్కనే నిలబడి కూడా అనేవాడు.

మొదటి రోజు పని ఇదీ. మస్తాన్ తెచ్చిన కొత్త బ్యాటరీ పెట్టాం, బ్రేకులు సరిచూశాం. పాత పెట్రోలు తీసేశాం, వార్నిష్ వాసన కొట్టింది. ట్యాంకు కడిగాం, తుప్పు దిగింది. పైపులోకి సైకిలు పంపుతో గాలి కొట్టాం. తర్వాత కార్బురేటర్ విప్పాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: పంపు ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంది. కార్బురేటర్ దాన్ని గాలిలో కలిపి, అన్నం కలిపి ముద్ద పెట్టినట్టు, ఇంజనుకి పెడుతుంది. దాని జెట్టులో, పెట్రోలు చిమ్మే సన్నటి గొట్టంలో, మడ్డి పేరుకుని ఉంది. కడిగాను. బిగించాను. సాయంత్రానికి ఇంజను మోగింది. మస్తాన్ ఈల వేశాడు. పెద్దమ్మ ఇంట్లోకి పరిగెత్తి బెల్లం ముక్కలు తెచ్చింది.

మర్నాడు రోడ్డు మీదికి తీశాం. పెద్దమ్మ స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, మస్తాన్ వెనక బైకు మీద. మూడు కిలోమీటర్లు పెళ్లికూతురిలా నడిచింది. తర్వాత రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నేను బానెట్ ఎత్తాను. పంపు కాలిపోతోంది. నాకు అర్థమైపోయింది అనుకున్నాను. ఎండకి పైపులో పెట్రోలు ఆవిరై అడ్డం పడుతోంది. పల్నాడు మే నెలలో అంతకంటే ఏముంటుంది? తడిగుడ్డ పంపుకి చుట్టాను. అదే సమయానికి మస్తాన్ వెనక ట్యాంకు మూత తీసి, వేపపుల్ల ముంచి చూశాడు.

"పెట్రోలు చానా ఉంది అన్నా. ఓవర్."

"నాకు తెలుసురా. పోసింది నేనే."

తాళం తిప్పితే బండి స్టార్టయింది. తడిగుడ్డ మహిమ అనుకున్నాను. ఆ రోజంతా అదే తంతు. బండి ఆగేది, నేను గుడ్డ తడిపేవాణ్ణి, మస్తాన్ పుల్ల ముంచేవాడు, బండి కదిలేది. వద్దన్నా ఆ పుల్ల మానడు. లారీ ఆగితే ముందు ట్యాంకులో పుల్ల పెట్టాలని వాళ్ల మేస్త్రి నేర్పాడట. ఏం చాదస్తంరా నీది అని వెక్కిరించాను. సాయంత్రం కార్బురేటర్ మళ్లీ విప్పాను. దాని తర్వాతి రోజు ఇంకోసారి. అద్దంలా ఉంది. విప్పడానికి అందులో ఇంకేం మిగల్లేదు.

శనివారం తెల్లవారగానే, ఎండ ముదరకముందే, కొండకి బయల్దేరాం. క్యాను నిండా నీళ్లు, ఆరు తడిగుడ్డలు. దారిలో ఒకసారి ఆగింది, పుల్ల పడింది, కదిలింది. కొండ కింద ఘాట్ రోడ్డు మొదట్లో మళ్లీ ఆగిపోయింది. సరిగ్గా పెదనాన్న తాళం తీసుకునే చోట.

ఆరు గుడ్డలూ చుట్టాను. క్యాను మొత్తం పోశాను. పంపు చన్నీళ్ల కుండలా అయింది. ఇంజను మాత్రం ఉలకలేదు, పలకలేదు. వెనక్కి చూస్తే మస్తాన్ లేడు. ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావురా?"

"బైకు పంక్చరైంది అన్నా. యల్లమంద కాడ ఉన్నా. ఏంది, ఆగిందా? ఓవర్."

"ఆగింది. లేవట్లేదు."

"పుల్ల పెట్టి చూశావా? ఓవర్."

"పెట్రోలు ఉందిరా బాబూ!"

"ఉంటే ఉండనీ అన్నా, ఓసారి పెట్టు. ఓవర్."

పెద్దమ్మ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి పైకి చూస్తోంది. "పోనీలేరా అబ్బాయ్," అంది మెల్లగా. "నీ తప్పేముంది? మీ పెదనాన్న మాటే నెగ్గింది." మంచులో లారీలు లేపినవాణ్ణి, పెద్దావిడ అడిగిన ఒక్క కోరిక తీర్చలేకపోయానని సిగ్గేసింది. కోపమంతా మస్తాన్ మీదికి పోయింది. వాడి నోరు మూయించడానికే వెళ్లి ట్యాంకు మూత తిప్పాను.

'ఫుస్స్'మంది.

అలాగే నిలబడిపోయాను. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడది. మూతకి ఒక సన్నటి బెజ్జం ఉంటుంది. పెట్రోలు తగ్గేకొద్దీ దాంట్లోంచి గాలి లోపలికి పోవాలి. పోకపోతే పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. మూత తిప్పి చూశాను. బెజ్జం లేదు. దాని మీద పసుపు, కుంకుమ, గంధం, పొర మీద పొర, సిమెంటులా గట్టిపడి ఉన్నాయి. ఇన్నాళ్లూ బండిని లేపింది నా తడిగుడ్డ కాదు. మస్తాన్ పుల్ల కోసం తీసిన మూత.

"పెద్దమ్మా, దీనికి బొట్టు ఎవరు పెట్టారు?"

"ఇంకెవరు, నేనే. ఏటా దసరాకి పెడతాగా. బండి కదలకపోతే మాత్రం పూజ మానతామా?" అంది. "ముందు మూతకే పెడతా. తాగే నోరు కదరా అది."

"ఆ నోరే మూసుకుపోయింది పెద్దమ్మా."

ఆమెకి విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత స్టీరింగ్ మీద తల ఆనించి, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. "అయ్యో నా బొట్టు బంగారం గానూ! నేనే పీక నొక్కి, దానికి జబ్బని నిన్ను పిలిపించానా!" మెడలో గొలుసుకి ఉన్న పిన్నీసు తీసి ఇచ్చింది. పొడిచి పొడిచి బెజ్జం తెరిచాను. నోటితో ఊదితే గాలి అటు పోయింది.

పెద్దమ్మ తాళం తిప్పింది. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

ఫోన్లో చెప్పాను. "మస్తాన్, బండి కదిలింది. నీ పుల్లకి దండంరా. ఓవర్."

"నేను చెప్పలా! ఓవర్, ఓవర్!"

ఫస్టు గేరు, సెకండు గేరు. మలుపు దగ్గర హారను, మళ్లీ ఫస్టు. పిట్టగోడ మీద కోతులు తలలు తిప్పి చూశాయి. "నడువే తల్లీ, నడువు," అంటూనే ఉంది పెద్దమ్మ. నా చెయ్యి బ్రేకు మీదే ఉంది. ఒక్కసారి కూడా లాగే అవసరం రాలేదు. పైకి చేరేదాకా ఇంజను దగ్గలేదు.

దర్శనం అయ్యాక తాళం నా చేతిలో పెట్టింది. దిగేటప్పుడు నేనే తోలాను. ఆమె పక్క సీట్లో కళ్లు మూసుకుని నిద్రపోయింది. ఆపరేషను బాగా జరిగింది. మస్తాన్ ఇప్పటికీ ఫోన్ చేస్తే ఓవర్ అంటాడు.

కానీ నా కళ్లముందు నుంచి పోనిది వేరే ఉంది. పైన బండి ఆపగానే పెద్దమ్మ దిగింది. గుడి వైపు చూడలేదు. చీర కొంగు సర్దుకుని, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి నా వైపుకొచ్చింది. తలుపు బార్లా తీసి పట్టుకుంది. నన్ను పుట్టినప్పటి నుంచి ఒరేయ్ అనే మనిషి. ఇంట్లో ఆమె 'అండీ' అనేది పెదనాన్న ఒక్కణ్ణే. తల ఎత్తి, నేను కూర్చున్న సీటు వైపు చూసి అంది:

"దిగండి. వచ్చేశాం."