టచింగ్ మావయ్య చెరిపిన మచ్చలు

మా చిన్న మావయ్యకు తల్లిదండ్రులు ఏం పేరు పెట్టినా, ఊళ్లో అందరికీ ఆయన టచింగ్ మావయ్యే. నలభై ఏళ్లుగా ఆయన స్టూడియోలో ఫోటో దిగినవాళ్లెవరూ సొంత ముఖంతో ఇంటికి వెళ్లలేదు. మొటిమలుండవు, మెల్లకన్నుండదు, బయటికి తోసుకొచ్చిన పన్ను బుద్ధిగా లోపలికి సర్దుకుంటుంది. స్టూడియో భాషలో దీన్నే టచింగ్ అంటారు. రాయడం బ్రహ్మ పని, దిద్దడం తన పని అని ఆయన గట్టి నమ్మకం. ఒకప్పుడు నెగెటివ్ మీద సన్నని పెన్సిలుతో దిద్దేవాడు, ఇప్పుడు కంప్యూటరు మీద దిద్దుతున్నాడు. దేన్నయినా మెడ పక్కకు వంచి, ఎడమ కన్ను మూసి చూడటం ఆయనకు అలవాటు. అన్నం కంచాన్ని కూడా అలాగే చూస్తాడని అత్తయ్య విసుక్కుంటుంది.

నేను కాలేజీలో సమాజశాస్త్రం చెబుతాను. మనుషుల బతుకు తెలియాలంటే వాళ్లను ప్రశ్నలతో చంపకూడదు, వాళ్ల చేతికే కెమెరా ఇచ్చి చూపించమనాలి అంటాను. ఆ ఏడాది కూరగాయల మార్కెట్లో కప్పులేని వరుసలో కూర్చునే ఎనిమిదిమంది ఆడవాళ్లకు తలో ఫోను ఇచ్చి, "మీకు నచ్చేదీ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టేదీ తీయండి" అన్నాను. వారం తిరిగేసరికి బోలెడు ఫోటోలు పోగయ్యాయి. ఆ వారంలో రెండు అకాల వానలు కూడా పడ్డాయి. చిరిగిన టార్పాలిన్లు, చీలమండ దాకా నిలిచిన మురుగునీళ్లు, గంపలోనే కుళ్లిన ఆకుకూరలు అన్నీ వాటిలో పడ్డాయి. మార్కెట్ అధికారి ఆ ఫోటోల ప్రదర్శనకు వస్తానన్నాడు. ఆ వరుసకు పైకప్పు వేయాలో వద్దో అవి చూశాకే తేలుస్తానన్నాడు. వానాకాలం ఇంకో నెలలో వచ్చేస్తుంది.

ఎంచిన ముప్ఫై ఫోటోలు మావయ్య కంప్యూటర్లో వేసి, పెద్ద సైజులో ప్రింటు తీయమన్నాను. ఫోన్లు ఖాళీ చేసి, ఇక మీ వంతు తీయండని పండ్ల వరుసవాళ్లకు ఇచ్చేశాను. నా దగ్గర ఒక కాపీ ఉంచుకుందామన్న బుద్ధి పుట్టలేదు. చదువు ఎక్కువైతే వచ్చే జబ్బు అది.

ప్రదర్శన రోజు పొద్దున్నే మావయ్య తానే ప్రింట్లు తెచ్చి హాలు గోడలకు తగిలించాడు. దగ్గరికి వెళ్లి చూశాను. టార్పాలిన్లకు ఒక్క చిరుగు లేదు. నేల తళతళలాడుతోంది. కుళ్లిన ఆకులు అప్పుడే కోసినట్టు పచ్చగా ఉన్నాయి. ఒక్క ఈగ కూడా బతికి బయటపడలేదు.

"మావయ్యా, ఏం చేశావు?"

"నాలుగు రోజులు కదలకుండా కూర్చున్నానే. పదిమంది చూసేవి కదా, పాపం, వాళ్ల పరువేం కాను?"

"అసలువి ఉన్నాయా?"

"వాటి మీదే కదే దిద్దింది!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. "వాళ్ల పొట్ట కొట్టావు మావయ్యా! ఇవి చూసి ఎవడైనా పైకప్పు వేస్తాడా?" అని అరిచేశాను. ఆయన ముఖం వాడిపోయింది. ఫోటో బాగాలేదన్న మాట ఆయన అంతవరకు విని ఎరగడు. అరిచినందుకు వెంటనే బాధపడ్డాను, కానీ కోపం తగ్గలేదు.

ఇంతలో ఆడవాళ్లు వచ్చారు. ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకుంటూ నవ్వారు. "ఇదెక్కడి మార్కెట్టే? మనమెప్పుడైనా వెళ్లామా?" అంది ఉల్లిపాయలామె.

వెనకే అధికారి, ఆయన గుమాస్తా వచ్చారు. అధికారి గోడ పొడుగునా నడిచి, "బాగానే ఉందిగా! దీనికి కొత్తగా కప్పెందుకు?" అన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. మా మావయ్యే అంతా చెరిపాడని ఎలా చెప్పను?

మావయ్యే ముందుకొచ్చాడు. "తప్పు నాది సార్. ఈ ఫోటోల్లోని చిరుగులూ మురుగూ అన్నీ నేనే చెరిపాను. చెరిపినవన్నీ నాకు గుర్తున్నాయి."

సంతకాల పుస్తకం పక్కనున్న నల్ల మార్కరు తీసుకున్నాడు. మెడ వంచి, కన్ను మూసి, మొదటి ఫోటోలో టార్పాలిన్ మీద చిరుగులు గీశాడు. మొత్తం పదకొండు, ఎక్కడివక్కడే. ఒక్కో మచ్చ దగ్గర అయిదేసి నిమిషాలు కూర్చున్న మనిషి దాన్ని ఎలా మరిచిపోతాడు? తరవాతి ఫోటోలో నీటి గీత గీశాడు.

"ఇంకా పైకి అన్నా" అంది ఉల్లిపాయలామె.

"ఫోటోలో చీలమండ దాకే ఉందమ్మా."

"అది రెండు వానల నీళ్లు. అసలు వానల్లో ఇంత!" అని ఆమె మార్కరు లాక్కుని మోకాలి దగ్గర ఇంకో గీత గీసింది. దాంతో నాకంటే నాకని అందరూ ఎగబడ్డారు. ఒకామె కొట్టుకుపోయిన గంప వేసింది, ఇంకొకామె తను జారిపడ్డ చోట పెద్ద ఇంటూ పెట్టింది. కెమెరాకు దొరకనివి కూడా గోడకెక్కాయి. ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఇంత మంచి పాఠం నేను చెప్పలేదు. అధికారి కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చాడు.

చివరిది ఆకుకూరలామె ముఖం. పక్కకొట్టామె తీసింది. దాని ముందు మావయ్య చెయ్యి ఆగిపోయింది.

"ఇది వదిలెయ్ తల్లీ. నీ కళ్ల కింద నలుపు తీసేశానంతే. దానికీ కప్పుకీ సంబంధం లేదు."

"లేకపోవడమేంటన్నా? వాన పడ్డప్పుడల్లా తెల్లారేదాకా గంపల మీద పట్టా పట్టుకుని నిలబడితే వచ్చిన నలుపే అది. ఇలా ఇవ్వు."

ఆమె ఫోటోలో తన రెండు కళ్ల కిందా నిదానంగా నలుపు దిద్దుకుంది. అధికారి ఆ ఫోటో వంక చూసి, ఆమె వంక చూసి, "కప్పు పని ఈ వారమే మొదలుపెట్టించు" అని గుమాస్తాతో అన్నాడు.

మావయ్య తలెత్తలేదు. ఆకుకూరలామె మార్కరుకు మూత పెట్టి ఆయన చేతికిచ్చింది.

"ఫోటో బాగుందన్నా" అంది. "ఇప్పుడిది నేనే."