లారీలకు రైట్ చెప్పిన కండక్టరమ్మ

ఏళ్ళ తరబడి సిటీ బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన కండక్టరమ్మకు ఇంట్లో కాలు నిలవలేదు. కసరడానికి ప్రయాణికులు లేక కొడుకును కసిరేది. కొడుకు ఆఫీసుకు వెళ్ళిపోతే టీవీని కసిరేది. ఆ పొద్దున టీవీలో వార్త వచ్చింది. పరాయి దేశంలో భూకంపానికి ఊళ్ళకు ఊళ్ళే కూలిపోయాయట. అక్కడి వాళ్ళను ఆదుకోవడానికి మన ప్రభుత్వం ఒక సేవాసంస్థకు డబ్బిస్తోందట. కోడలు పనిచేసేది ఆ సంస్థ గోడౌనులోనే.

"మన వీధి దీపాలు వెలక్క నెలయింది. వాటికి లేని డబ్బు వాళ్ళకెక్కడిదే?" చెప్పులేసుకుంటున్న కోడల్ని నిలదీసింది.

"నన్నడిగితే నేనేం చెప్తానత్తయ్యా? గోడౌనుకు రండి, అక్కడే అడుగుదురుగాని. చేతులు చాలక చస్తున్నాం కూడా."

కండక్టరమ్మ నిజంగానే చీర మార్చుకుని బయల్దేరింది.

గోడౌనులో కుటుంబానికో పెట్టె కడుతున్నారు. దుప్పట్లు, బకెట్టు, గిన్నెలు, సబ్బులు, ఒక దువ్వెన. ఆమె దువ్వెన తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఇదెందుకు?"

"ఇల్లు కూలితే అన్నీ లోపలే ఉండిపోతాయి కదత్తయ్యా. కట్టుబట్టలతో బయటపడి ఉంటారు."

కండక్టరమ్మ దువ్వెనను తిరిగి పెట్టెలో పెట్టింది. తర్వాత కొంగు దోపి, పెట్టెల ముందు చతికిలబడింది.

మధ్యాహ్నం ప్రభుత్వ అధికారి చూసిపోవడానికి వచ్చాడు. కండక్టరమ్మ తను వచ్చిన పని మరిచిపోలేదు.

"బాబూ, డబ్బు మీదేనాయె, మీరే పంపొచ్చుగా. మధ్యలో వీళ్ళెందుకు?"

"అక్కడ మాకు మనుషుల్లేరమ్మా. వీళ్ళకు ఎప్పట్నుంచో ఉన్నారు. ఏ సందులో ఎవరుంటారో వాళ్ళకు తెలుసు. మేం డబ్బిస్తాం, వాళ్ళు ఇంటింటికీ అందించి మాకు లెక్క చెప్తారు."

"అంటే బస్సు మీది, కండక్టర్లు వీళ్ళు."

అధికారి నవ్వాపుకోలేకపోయాడు. "అంతేనమ్మా."

"మరి మా వీధి దీపాలు?"

"అది నా శాఖ కాదు."

"అందరూ అదే మాట" అంటూ ఆమె మళ్ళీ దుప్పట్లు మడతపెట్టడంలో పడింది.

సాయంత్రం లారీలొచ్చాయి. గేటు ఇరుకు. ఒకటి అడ్డం తిరిగి ఇరుక్కుంది, వెనకవన్నీ హారన్లు మోగిస్తున్నాయి. కండక్టరమ్మ లేచి బయటికి నడిచింది.

"రైట్... రైట్... కొంచెం ఎడమకు కొయ్యి... హోల్డాన్."

ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. డ్రైవర్లు కిక్కురుమనకుండా చెప్పినట్టు తిప్పారు. పొద్దు గూకేలోగా పెట్టెలన్నీ ఎక్కాయి, లారీలన్నీ కదిలాయి.

ఆ రాత్రి ఇంట్లో ఆమె ఎవర్నీ కసరకుండా అన్నం తింటుంటే కొడుక్కి గాభరా పుట్టింది.

"అమ్మకేమైంది, ఇలా ఉంది?"

"ఏం కాలేదు. రేపూ డ్యూటీ ఉందిగా, గొంతు దాచుకుంటున్నారు" అంది భార్య.

సరుకు చేరిందనీ, ఊళ్ళలో పంచడం మొదలైందనీ కబురొచ్చిన రోజు కూడా కండక్టరమ్మ గోడౌనులోనే ఉంది. కోడలి చేత ఆ కబురు రెండోసారి చదివించుకుని వింది. తర్వాత అందరికీ తన డబ్బులతో టీ తెప్పించి, తన గ్లాసు పట్టుకుని గేటు దగ్గర ఎండలో నిలబడి తాపీగా తాగింది.